బయటి బందులు

మూడో నంబరు తలుపును నెత్తిన పెట్టుకుని మద్దిలేటి యార్డు వైపు నడుస్తుంటే వెనక నుంచి ఎవరో పిడికెడు మన్ను విసిరారు. అది తలుపు చెక్క మీద పడి జలజలా రాలింది. మద్దిలేటి వెనక్కి తిరగలేదు. తిరిగితే విసిరిన మనిషి ఎవరో తెలిసిపోతుంది, తెలిస్తే రేపటి నుంచి ఆ మొహంలోకి చూడలేడు. పన్నెండేళ్లుగా ఆ లైను ఇళ్లలోనే బతుకుతున్నవాడికి ఆ మాత్రం జాగ్రత్త వచ్చేసింది.

ఆషాఢం గాలి మిట్టమధ్యాహ్నం కూడా ఆగడం లేదు. బండ్రి ఊరు దాటిన దగ్గర నుంచి టిప్పర్లు ఒకదాని తోక ఒకటి పట్టుకుని పోతున్నాయి. చైనావాళ్లకు మన ఇనుప మట్టి తీపి ఎక్కిన ఏళ్లవి. కొండను తవ్వి లారీకెత్తిన ప్రతివాడూ నలుగురికి యజమానై ధణి అనిపించుకున్నాడు. ఆ లారీల మీద నుంచి రాలిన ఎర్రదుమ్ము మాత్రం రోడ్డు పక్కనున్న వాళ్లకు దక్కింది. అన్నంలో అదే, నీళ్లలో అదే, ఉతికి ఆరేసిన గుడ్డల్లోనూ అదే.

ఆ లైను ఇళ్ల యజమాని కోదండరామి. సిరిగేరి దగ్గర వరి మళ్లున్న మనిషి. నాలుగు లారీలతో ఈ రోడ్డెక్కి, ఇప్పుడు ముప్పయ్యింటికి వచ్చాడు. మొదట్లో తన పొలంలో పనిచేసిన కూలీలనే యార్డులో ఖనిజం జల్లెడ పట్టడానికి తెచ్చి, వాళ్లుండటానికి వరసగా పన్నెండు రూములు కట్టించాడు. వాటికి తలుపులు చేసింది మద్దిలేటి. వడ్రంగం అతని కులవృత్తి కాదు. కూలికి పోయినచోట నేర్చుకున్నది. పని నచ్చి కోదండరామి అతనికి ఒకటో నంబరు రూము బాడుగ లేకుండా ఇచ్చి, ఆ లైనును చూసుకోమన్నాడు. అప్పటి నుంచి బాడుగలు అడగడం, బోరు మోటారు వేయడం, కారే రేకుకు తారు పూయడం అన్నీ అతనివే. మొన్నటిదాకా ‘ఇండ్ల మద్దిలేటి’ అనేవాళ్లు. పెద్దాయన కొడుకు విక్రమ్ బెంగళూరులో చదువు ముగించుకుని వచ్చాక మెడలో తాడూ, తాడుకు కార్డూ వేలాడదీసి ‘ప్రాపర్టీ మేనేజర్’ అన్నాడు. జీతం మాత్రం పాత మద్దిలేటిదే.

ఇప్పుడు ఏదో టిప్పర్ల కంపెనీ తన డ్రైవర్ల కోసం లైను మొత్తం అడిగింది. సోమవారం తాళాలు ఇవ్వాలి. ఈరోజు శనివారం. మొన్న మద్దిలేటి చేత బోరు ఆపించినప్పుడే నాలుగు కుటుంబాలు మూటలు కట్టుకుని వెళ్లిపోయాయి. మిగిలిన ఏడు ఇళ్లవాళ్లు రెండు మైళ్ల నుంచి బిందెలు మోసుకుంటూ మొండికేసి కూర్చున్నారు. వాళ్ల కోసమే ఈ తలుపుల పని.

తలుపు ఊడదీయడం కోదండరామి సొంత తెలివి. సామాన్లు వీధిలో పారేస్తే నలుగురూ చేరతారు, పోలీసంటారు, పేపరంటారు. తలుపు తీసుకుపోతే ఎవరేమంటారు? రిపేరుకు తీసుకుపోయామంటే సరి. తలుపు లేని ఇంట్లో వయసు పిల్లల్ని పెట్టుకుని లారీల రోడ్డు పక్కన ఏ తల్లి కన్నుమూస్తుంది? మరుసటి పొద్దుటికల్లా వాళ్లే పోతారు. పాడు బుద్ధి గానీ, పారే బుద్ధి.

మూడో నంబరు మారన్నది. ఐదో నంబరు తలుపు పొద్దున్నే యార్డు చేరింది. మారన్న తలుపును షెడ్డులో గోడకు ఆనించి, మద్దిలేటి సుత్తి, మేకు పట్టుకుని మళ్లీ లైనుకు వచ్చాడు. తరవాతిది ఏడో నంబరు.

ఏడో నంబరు గడప ముందు హుసేనమ్మ కూర్చుని ఉంది. ఆ రోజు జల్లెడ పనికి పోలేదు. తొంభై రూపాయల కూలి పోయినా లెక్కచేయలేదంటే ఎంత పట్టుదలతో కూర్చుందో అర్థం చేసుకోవచ్చు. తలుపు పైన వేపమండ గుచ్చి ఉంది. తలుపు సందుల్లోకి పాత చీర పేలికలు కుక్కి ఉన్నాయి. లోపల నుంచి వెల్లుల్లి పొట్టు పొగ వాసన సన్నగా వస్తోంది.

“ఆడనే నిలబడప్పా మేనేజరూ,” అంది హుసేనమ్మ. ఎప్పుడూ అన్నా అని పిలిచే మనిషి. “లోపల బాలింత ఉండాది. నీ నీడ గూడ ఈ తలుపు మీద పడగూడదు.”

“నాకు తెల్దా హుసేనీ?”

“తెలిసే వస్తాండావా? నర్సమ్మను సైకిల్ మీద పిల్చకొచ్చింది నువ్వే గదా. తొమ్మిది దినాలు గూడ కాలేదే. ఇరవయ్యొకటో దినం నీళ్లు పోసి మేమే పోతామంటే, అంతదంకా మిమ్మల్ని కదిలించేవాళ్లు ఎవరని నా ఎదురుగ అన్నావే. ఆ నోరు నీదేనా?”

మద్దిలేటి అన్న మాట నిజం. అన్నప్పుడు నిజంగానే అనుకున్నాడు కూడా.

లోపలున్న బాలింత హుసేనమ్మ కూతురు ఆశ. ఆమె భర్త గురురాజ్ టిప్పరు మీద రేవుకు పోయాడు. అక్కడ ఓడ కోసం లారీలు బారులు తీరి ఉన్నాయట, ఎప్పుడొస్తాడో వానికే తెలియదు. ఇంట్లో మగదిక్కు లేదు. బాలింతకు గాలి సోకితే సన్నిపాతమని ఆ ఇళ్లలో అందరికీ భయం. ఆ భయం సంగతి అలా ఉంచినా, తొమ్మిది రోజుల పసిగుడ్డు ముక్కుల్లోకి ఈ ఎర్రదుమ్ము పోతే ఏమవుతుందో చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు. నిరుడు ఎండాకాలం పదో నంబరులో ఒక పసిబిడ్డ దగ్గి దగ్గి పోయింది.

లోపల నుంచి ఆశ గొంతు వినిపించింది. “ఎవరమ్మా?”

“ఎవరూ లేరులే. నువ్వు చెవులకు గుడ్డ కట్టుకో.”

“తలుపు తీసేకి వచ్చినారా? భయపడొద్దమ్మా, గడియ ఏసినా. మద్దిలేటి మామ బిగించిన గడియ. ఏనుగు తోసినా ఇరగదు.”

ఆ మాటతో మద్దిలేటి చేతిలోని సుత్తి బరువెక్కింది.

గడియ గట్టిదే. బెత్తెడు వెడల్పు ఇనుప పట్టీతో తనే చేశాడు. ఆ గడియను చూసి లైనులో ఆడవాళ్లంతా అతన్ని దీవించారు. కానీ ఆ తలుపులన్నీ బయటికి తెరుచుకుంటాయి. వాటిని ద్వారబంధానికి పట్టించే బందులూ బయటే ఉంటాయి. తలుపుకు మూడు బందులు, ఒక్కో బందులో ఒక్కో ఇనుప చీల. ఆ చీలను కింద నుంచి మేకు పెట్టి నాలుగు దెబ్బలు కొడితే పైకి లేచి వస్తుంది. మూడు చీలలూ లాగితే లోపల ఎంత గడియ వేసుకున్నా తలుపు మొత్తం బయటి చేతిలోకి వచ్చేస్తుంది. రూములు కట్టేటప్పుడు ఏ ఇంటికైనా బందులు లోపలుండాలని మద్దిలేటి అన్నాడు. “నా ఇల్లప్పా. నేను అనుకున్న దినం తెరుచుకోవల్ల,” అన్నాడు కోదండరామి. తలుపుకు యాభై రూపాయలు ఎక్కువిచ్చాడు. మద్దిలేటి తీసుకున్నాడు. ఇదేంది, తలుపులు బయటికి తెరుచుకుంటాండాయని అడిగినవాళ్లకు, లోపల జాగా కలిసొస్తుందని చెప్పాడు. అందరూ నమ్మారు. మంచం వేసుకోవడానికి జాగా మిగిలిందని సంతోషపడ్డారు కూడా. ఆ లైనులో గడియ అనేది ఉత్త అలంకారమని తెలిసినవాడు అతనొక్కడే.

“ధణి తావకు పోయి మాట్లాడి వస్తా,” అన్నాడు చివరికి.

“పో. నీ ధణికి ఆడబిడ్డ ఉండాది గదా, అడుగు,” అంది హుసేనమ్మ.

యార్డు ఆఫీసులో ఏసీ నడుస్తోంది. దుమ్ము రాకుండా కిటికీలకు రబ్బరు పట్టీలు వేయించారు. కోదండరామి సోఫాలో కాళ్లు మడిచి కూర్చుని ఫోనులో మాట్లాడుతున్నాడు. టేబులు వెనక విక్రమ్. మద్దిలేటి గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి నిలబడ్డాడు.

“ఎన్ని అయ్యాయి?” అన్నాడు విక్రమ్.

“రెండు, చిన్నధణీ. ఇంకా ఐదుండాయి.”

“రెండేనా? పొద్దున్నుంచీ రెండేనా?” విక్రమ్ సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. “మద్దిలేటీ, నేను నీకు టార్గెట్ ఇచ్చాను కదా. ఒక ఓనర్ తన మేనేజర్ దగ్గర ఏం ఎక్స్‌పెక్ట్ చేయాలో ఇందులో రాసి పెట్టాను, విను. రూములు ఊరికే పడి ఉండకూడదు. బాడుగ ఐదో తేదీ దాటకూడదు. మెయింటెనెన్స్, అంటే తలుపులు, రేకులు, మోటారు, అన్నీ మేనేజరే చూసుకోవాలి. ఓనర్ అడిగిన రోజు ఖాళీ చేయించి అప్పగించాలి. అన్నిటికన్నా ముఖ్యం, మేనేజర్ ఓనర్ మనిషి. బాడుగకున్నవాళ్ల మనిషి కాదు. అర్థమైందా?”

“అయింది.”

కోదండరామి ఫోను పెట్టేసి నవ్వాడు. “కాగితాలెందుకు రా విక్రమ్, వానికి నేను నోటితోనే నేర్పినా.”

ఆయన నేర్పింది కాగితంలో లేదు మరి. ఇల్లు యజమానిది, బాడుగ యజమానిది, తిట్లూ శాపాలూ మాత్రం మేనేజరువి. మన్ను పడాల్సిన నెత్తి ఒకటి కావాలి, ఆ నెత్తికి నెలకు ఇంత అని జీతం. పన్నెండేళ్లుగా మద్దిలేటి చేసిన అసలు ఉద్యోగం అదే. ఆ సంగతి అతనికి ఈరోజే తెలిసొచ్చింది.

“ఏడో నంబర్లో బాలింత ఉండాది ధణీ,” అన్నాడు. “హుసేనమ్మ కూతురు. తొమ్మిది దినాల బిడ్డ. పన్నెండు దినాలు ఆగితే వాళ్లే పోతామంటాండారు. తక్కినోళ్లకు గూడ అంతదంకా...”

“సోమారం కంపెనోళ్లు వస్తాండారు,” అన్నాడు కోదండరామి. “పదకొండు రూములూ ఒక్క దెబ్బకు చేతికియ్యల్ల. రూముకు రెండువేల ఐదొందలు. నీ హుసేనమ్మ ఇచ్చేది నాలుగొందలు. ఇంగ నువ్వే చెప్పప్పా, పన్నెండు దినాలు ఎవరింట్లోంచి తెచ్చియ్యల్ల? నీ రూము జోలికి నేను రాలేదు గదా. నీ ఒకటో నంబరు నీకే. కంపెనీలో వాచ్‌మన్ పని గూడ మాట్లాడినా. ఇంగేం కావల్ల నీకు?”

“గాలి సోకితే బిడ్డ దక్కదు ధణీ.”

“గాలి గీలి అన్నీ ఊరిమాటలు.”

ఆ మాట దగ్గర మద్దిలేటి తలెత్తాడు. అతను ఎదురాడే మనిషి కాడు. కానీ ఆ మాట అన్న నోరు ఏదో అతనికి గుర్తుంది.

“పోయినేడు అనుపమమ్మ కాన్పుకొచ్చినప్పుడు బళ్లారి ఇంట్లో కిటికీ సందులన్నీ నాతోనే మూయించినావు గదా ధణీ. రెండు దినాలు పని. మీ ఇంటామె సుభద్రమ్మ నా పక్కనే నిలబడి అగ్గిపుల్ల గీసింది. కిటికీ తావ పెట్టి చూసింది. మంట రవంత అల్లాడితే మల్ల మూయించింది. నిలకడగ వెలిగినాక సాకప్పా, ఇంగ చాలు అనింది. నువ్వు గూడ ఆడనే ఉంటివి. అప్పుడు ఊరిమాటలు అనలేదే.”

కోదండరామి సోఫాలోంచి లేచాడు. లేస్తూనే పక్కనున్న స్టీలు గ్లాసు తీసి విసిరాడు. అది మద్దిలేటి భుజానికి తగిలి గుమ్మం బయట పడి దొర్లింది.

“నా కూతురును తెచ్చి ఆ జల్లెడ పట్టేదాని కూతురు పక్కన నిలబెడతాండావా? నా ఉప్పు తిని?”

“నాన్నా, వదిలేయ్,” అన్నాడు విక్రమ్ కాగితం మడుస్తూ. “ఇలాంటి వాళ్లతో ప్రొఫెషనల్‌గా ఉండాలి. మద్దిలేటీ, నాలుగు గంటలకు ఏడో నంబర్ తలుపు ఇక్కడుండాలి. లేకపోతే మేం వేరే మనిషిని చూసుకుంటాం.”

“వేరే మనిషి యాల? నేనే వస్తా,” అన్నాడు కోదండరామి. “వచ్చి మొదట ఒకటో నంబరు తలుపు పీకుతా. నీ ఇంటికి గూడ బందులు బయటనే ఏసుకున్నావు గదరా, తెలివైనోడా.”

మద్దిలేటి చెప్పులు తొడుక్కుని బయటికి వచ్చాడు. గ్లాసు దెబ్బ తగిలిన భుజం సలుపుతోంది. అవమానం కూడా సలుపుతోంది గానీ, దానికంటే ఎక్కువగా సిగ్గు వేసింది. యాభై ఐదేళ్ల మనిషి. తన చేత్తో చేసిన తలుపులు. తన నోటితో చెప్పిన అబద్ధం. కోదండరామికి డబ్బుంది, లారీలున్నాయి, అయినా ఒక బందు చీల లాగడం ఆయనకు చేతకాదు. ఆ పని తెలిసిన చెయ్యి తనది. ఆ చెయ్యి అమ్ముకున్నది తలుపుకు యాభైకి.

షెడ్డులో గోడకు ఆనించిన రెండు తలుపుల్నీ ఒక క్షణం చూసి, లైను వైపు నడిచాడు.

అతను సుత్తితో రావడం చూసి మిగిలిన ఐదు ఇళ్ల ఆడవాళ్లూ ఏడో నంబరు ముందు చేరారు. పన్నెండో నంబరు పక్కీరప్ప గడ్డపార పట్టుకున్నాడు. మారన్న తలుపు లేని గుమ్మంలో నిలబడి ఉన్నాడు, వెనక అతని ఇద్దరు ఆడపిల్లలు మూటల మీద కూర్చుని ఉన్నారు. మద్దిలేటి పెళ్లాం అక్కమ్మ కూడా ఆ ఆడవాళ్లలోనే ఉంది. మొన్న బోరు ఆపిన దగ్గర నుంచి ఆమె మొగుడితో మాట్లాడటం మానేసింది.

“దగ్గరికొస్తే చెయ్యి ఇరగ్గొడతా,” అంది హుసేనమ్మ. ఆమె చేతిలో రోకలి ఉంది.

“కొడుదువులే. ముందు నా మాట ఇను,” అన్నాడు మద్దిలేటి. అందరికీ వినిపించేలా అన్నాడు. “ఈ తలుపులకు గడియ ఏసుకున్నా ఏసుకోకున్నా ఒకటే. బందులు బయటుండాయి. చీల లాగితే తలుపు ఊడొస్తాది. ధణి అట్లనే చెయ్యమన్నాడు, నేను చేసినా. జాగా కలిసొస్తాదని మీకు చెప్పింది అబద్ధం. దుడ్డు తీసుకొని చెప్పినా.”

హుసేనమ్మ రోకలి దించలేదు. ఆమె కళ్లు ఆ మూడు బందుల మీదికి పోయాయి. పన్నెండేళ్లుగా రోజూ ఊడ్చి నీళ్లు చల్లే గుమ్మమే అయినా, ఆ బందుల వైపు ఏనాడూ చూడలేదు.

“అట్లయితే మేము ఇన్నేండ్లు వాకిలి తెరిచి పడుకున్నట్లే గదా,” అంది.

“అంతే.”

ఆమె ఊసింది. ఉమ్మి అతని కాళ్ల ముందు ఎర్రమట్టిలో పడింది. మద్దిలేటి దాన్ని దాటుకుని తలుపు పక్కన గొంతుక్కూర్చున్నాడు. పక్కీరప్ప గడ్డపార ఎత్తాడు గానీ, అక్కమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. మొగుడు సుత్తి పట్టిన తీరు ఆమె చూసింది. మేకు తీయలేదు అతను.

బందు చీల కింద వేలెడు మొన బయటికి ఉంటుంది. మద్దిలేటి ఆ మొనకు కింద నుంచి కాకుండా పక్క నుంచి దెబ్బ వేశాడు. లోపల బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది.

“అమ్మా, తీస్తాండారా?” ఆశ కేక వేసింది.

రెండో దెబ్బకు చీల మొన వంగింది. మూడో దెబ్బకు బందుకు అతుక్కుపోయింది. మళ్లీ పైకి లేవాలంటే చీలను కోసి తీయాల్సిందే. అతను నడిమి బందు దగ్గరికి లేచాడు, తరవాత పై బందు దగ్గరికి. మూడూ వంచాక తలుపు అంచు పట్టుకుని బలమంతా పెట్టి గుంజి చూశాడు. అది కదల్లేదు.

“ఆశా,” అన్నాడు తలుపుకు నోరు దగ్గర పెట్టి. “గడియ సరిగ్గ ఏసుకో తల్లీ. ఇప్పుడు పనికొస్తాది.”

లోపల నుంచి బిడ్డను సముదాయిస్తున్న చప్పుడు వినిపించింది. హుసేనమ్మ రోకలి గోడకు ఆనించి, ఊడిపోయిన పేలికల్ని మళ్లీ సందుల్లోకి కుక్కసాగింది. ఆమె అతనికి ఒక్క మంచి మాట కూడా చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు.

ఎనిమిదో నంబరు, పదో నంబరు, పదకొండు. పక్కీరప్ప గడ్డపార కింద పారేసి తలుపు అంచు పట్టుకున్నాడు, దెబ్బకు అదరకుండా. పన్నెండో నంబరు దగ్గర చెమట కళ్లలోకి దిగి సుత్తి ఒకసారి బొటనవేలి మీద పడింది. మద్దిలేటి వేలు నోట్లో పెట్టుకుని, మళ్లీ సుత్తి అందుకున్నాడు.

మారన్న దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. “అందరివీ బిగిస్తాండావు. మాది యాడ? నువ్వే గదా ఎత్తుకపోయింది.”

“యార్డు షెడ్డులో ఉండాది. గోడకు ఆనించినా. ఐదో నంబరుది గూడ.”

“అడిగితే ఇస్తారా?”

“అడిగితే ఇయ్యరు. ఎత్తుకొచ్చుకోవల్ల. నలుగురు పోండి. తెస్తే బిగిచ్చేది నేను.”

మారన్న కాసేపు అతని మొహంలోకి చూశాడు. “మన్ను ఏసింది నేనే,” అన్నాడు. తరవాత తువ్వాలు తలకు చుట్టుకుని పక్కీరప్పను రమ్మన్నాడు. వాళ్లిద్దరి వెనక ఐదో నంబరు అన్నదమ్ములు కూడా బయల్దేరారు. టిప్పర్ల దుమ్ములో నలుగురూ రోడ్డు పక్కన నడుచుకుంటూ పోయారు.

“మనింటిది?” అంది అక్కమ్మ. మూడు రోజుల తరవాత ఆమె మొగుడితో మాట్లాడిన మొదటి మాట అది.

“అదొక్కటే మిగిలింది.”

ఒకటో నంబరు లైనుకు ఈ చివర, రోడ్డు వైపు ఉంది. మద్దిలేటి కింది బందు వంచేసరికి జీపు హారను వినిపించింది. నడిమి బందు వంచేసరికి జీపు లైను ముందుకు వచ్చి ఆగింది. కోదండరామి ముందు సీట్లోంచే తల బయట పెట్టాడు. వెనక నుంచి విక్రమ్ దిగాడు.

“ఏం చేస్తున్నావ్?” అన్నాడు విక్రమ్.

“మెయింటెనెన్స్,” అన్నాడు మద్దిలేటి.

“ఏడో నంబర్ తలుపేది?”

“దాని ఇంటికి ఉండాది.”

విక్రమ్ లైను పొడవునా చూశాడు. ఐదు తలుపులూ మూసి ఉన్నాయి. వాటి ముందు ఆడవాళ్లు నిలబడ్డారు. ఎవరి చేతిలో ఏముందో దుమ్ములో సరిగా కనబడలేదు.

కోదండరామి జీపు దిగి వచ్చి చెయ్యి చాపాడు. “సుత్తి ఇట్లియ్యి.”

మద్దిలేటి ఇవ్వలేదు. పన్నెండేళ్లలో ఆయన అడిగింది ఏదీ లేదన్నవాడు కాడు. “ఇది నాది ధణీ,” అన్నాడు. “ధర్మవరంలో నేను కొనుక్కున్నది. కావల్లంటే తలుపులు నీవి.”

“నీ పని ఈ దినంతో అయిపోయింది.”

“ఇంగా ఒక చీల ఉండాది.”

అక్కమ్మ ఇద్దరి మధ్య నుంచి నడిచి ఇంట్లోకి వెళ్లి తలుపు లాగుకుంది. లోపల గడియ పడిన చప్పుడు బయట నిలబడ్డ ముగ్గురికీ వినిపించింది. మద్దిలేటి వాపెక్కిన బొటనవేలితో పై బందు చీల మొనను తడిమి చూసుకుని సుత్తి ఎత్తాడు.